నలభై ఒకటో నంబరు డబ్బా

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, పాత దుప్పట్ల కింద ఒక ఇనప పలక ఉంది. పోత ఇనుము. పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు అయిదు, నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు. బరువు కిలో ఆరు వందల గ్రాములు. పాతపేపర్లవాడి తక్కెడలో తూయించాను. తూచకుండా, కొలవకుండా ఉండలేని జబ్బు నాది. ఈ కిలో ఆరు వందల గ్రాముల్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మూడు ఇళ్లు మారాం. మారిన ప్రతిసారీ ఈ ఒక్క మూట కూలీల చేతికివ్వకుండా నేనే ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఏమిటండీ అందులో అని మా ఆవిడ అడిగితే పనిముట్లు అన్నాను.

పనిముట్లు కావు. అది ఒకావిడ ఇంటి తలుపు మీదనుంచి నేను ఊడదీసుకొచ్చిన నంబరు పలక. దానివల్ల ఆవిడ ఇల్లు పోయింది. దానివల్ల అంటున్నాను చూడండి, ఇప్పటికీ తప్పు ఇనుము మీదకే నెడుతున్నాను. నావల్ల పోయింది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలాగైతేనే నోరు పెగులుతుంది. పేరు రాయను. అదీ పిరికితనమే అంటారా? అనండి. అనిపించుకోవడానికే కూర్చున్నాను.

నాది తెనాలి వైపు. తొంభైల మొదట్లో జీడిమెట్లలో పంపులు చేసే ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, పేట్ బషీరాబాద్‌లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాను. పగలంతా కంపెనీ గీతలు గీసేవాణ్ని. సాయంత్రం ఇంటికొచ్చాక నా సొంత గీతలు. బొమ్మ రైలు డబ్బాలు చేసేవాణ్ని. నవ్వకండి. నవ్వినా పర్లేదు, మా మామగారు పెళ్లయిన కొత్తలో నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. ఇంజన్లు కాదు, ప్యాసింజరు పెట్టెలూ కాదు, గూడ్సు డబ్బాలు మాత్రమే. ఇంజన్ని అందరూ చూస్తారు. వెనకాల బరువు మోసేవాటిని లెక్కపెట్టి వదిలేస్తారు, అంతే.

పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్లో విరిగిపోయిన విదేశీ బొమ్మ రైళ్లు దొరికేవి. చక్రాలూ, అడుగు చట్రం ఉంచుకుని పైదంతా కోసి పారేసేవాణ్ని. ఆ చట్రం మీద మన డబ్బా కట్టేవాణ్ని. అందులోనూ పెద్ద లైను డబ్బా కాదు. ఒకప్పుడు క్వారీలకీ, చెరకు ఫ్యాక్టరీలకీ, అడవి కలపకీ వేసిన రెండున్నర అడుగుల బుల్లి లైన్లుండేవి. వాటి మీద తిరిగిన డబ్బాలు. వాటి కొలతలు ఎక్కడా అచ్చులో ఉండవు. ముసలివాళ్లని అడగాలి, పాత షెడ్ల వెనక ముళ్లకంపల్లో వెతకాలి. పెన్సిలు చెక్క చెక్కితే పలకలు, తెగిపోయిన గిల్టు గొలుసు ముక్క డబ్బా గొలుసు, టీ డికాషన్లో ఇటుక పొడి కలిపి పూస్తే తుప్పు. మందుబిళ్లల అట్ట వెనక రేకుని సూదితో ఒత్తితే ముందువైపు రివిట్లు లేస్తాయి. అసలు డబ్బాకి నూట పన్నెండు రివిట్లుంటే నా డబ్బాకీ నూట పన్నెండే. ఒకటి తక్కువైతే ఎవడు చూడొచ్చాడు అనకండి. నేను చూస్తాను. చెప్పొద్దూ, ఆ సంగతిలో నాకు మహా పొగరు.

ఒక ఆదివారం మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద స్కూటరు పంక్చరయింది. తోసుకుంటూ పోతుంటే ఎడమపక్క రాళ్ల గుట్టల మధ్య, తుమ్మ చెట్ల వెనక ఒక వంపు కప్పు కనిపించింది. రేకుల ఇంటి కప్పు అలా వంగదు. స్కూటరు అక్కడే స్టాండేసి పరుగెత్తాను. నిజంగానే పరుగెత్తాను, ముప్పై రెండేళ్లవాణ్ని.

చక్రాలు లేవు. రాళ్ల దిమ్మల మీద కూర్చోబెట్టిన బుల్లి లైను డబ్బా. ఇనప చట్రం, టేకు పలకలు, పక్కకి జరిగే తలుపు. ముందు మట్టి అరుగు, అరుగు మీద పందిరి, పందిరి కింద రెండు మేకలు. తలుపు పైన నడిమధ్యలో ఈ పలక. నలభై ఒకటి అని ఇంగ్లీషు అంకెల్లోనూ, దాని కింద ఉర్దూ అంకెల్లోనూ పోతపోసి ఉంది. అలా రెండు లిపుల్లో ఉన్న పలక నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలినుంచి ఒకావిడ చేట చేతిలో పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంది సారూ, మా ఇల్లు అంత గనం జూస్తున్నవ్?"

ఆవిడ పేరు లచ్చవ్వ. యాభై దాటిన మనిషి. నిజాం కాలంనుంచీ అక్కడ రాళ్ల క్వారీ ఉండేదట. అక్కణ్నించి మేడ్చల్ స్టేషనుదాకా బుల్లి లైను. ఆవిడ పెనిమిటి మొగులయ్య ఆ బండికి బ్రేకు మనిషి. క్వారీ మూతబడ్డాక పట్టాలు తుక్కుకిపోయాయి, డబ్బాలు మిగిలాయి. మూడు డబ్బాలు మాత్రం పాత పనివాళ్లకి ఉండమని ఇచ్చారు, చిట్టీ రాసి మరీ ఇచ్చారు. మొగులయ్య రాతిదుమ్ము మింగి మింగి దగ్గుతో పోయాడు. పిల్లల్లేరు. "బండి నడిచినన్ని దినాలు డబ్బ మీద కూసుండె, బండి ఆగినంక డబ్బల కూసుండె. పొయ్యేటప్పుడు గూడ గీన్నుంచే పోయిండు" అని చెప్పింది. చెబుతూ నాకు సల్ల ఇచ్చింది. మజ్జిగని ఆవిడ సల్ల అనేది. ఉప్పు ఎక్కువేసేది.

ఆ తర్వాత ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం వెళ్లాను. టేపు, నోటుపుస్తకం, పెన్సిలు. కప్పు వంపు కొలవడానికి ఆవిడ నిచ్చెన పట్టుకునేది. రివిట్లు లెక్కపెడుతుంటే ఆవిడా నా వెనకాల లెక్కపెట్టేది, నలభై దాటాక తప్పి నవ్వేది. ఆవిడకవి మొలలు. "మా మొగులయ్య గూడ ఇన్ని మొలలున్నయని ఎరగడు సారూ, నువ్వొక్కనివే ఎరుగుదువు" అనేది. చుట్టుపక్కల వాళ్లొస్తే నన్ను చూపించి మా ఇల్లు కొలిచే సారు అని గొప్పగా చెప్పేది. ఒట్టు, ఫ్యాక్టరీలో ఏ మేనేజరూ నాకంత మర్యాద ఇవ్వలేదు. ఆ మర్యాదకి నేను చేసిన న్యాయం వినండి.

డబ్బాకి మొదట వేసిన రంగేమిటో నాకు తేలలేదు. పైన తారు, తారు కింద సున్నం, సున్నం కింద మళ్లీ ఏదో పచ్చరంగు. ఎక్కడ గీకినా ఏళ్ల తరబడి పూసిన పొరలే. మా పనిలో ఒక సూత్రముంది. ఏదైనా పలక బిగించి ఉంటే, బిగించిన రోజునుంచీ దాని కింద గాలి తగలదు, కుంచె తగలదు. మొదటి రంగు అక్కడ ఉన్నదున్నట్టు ఉంటుంది. అంచేత ఆ పలక తీయాలి. చూడాలి. మళ్లీ పెట్టేయాలి. అయిదు నిమిషాల పని.

ఆవిణ్ని అడిగి తీసుంటే సరిపోయేది. అడిగితే తియ్యి సారూ అనేదే. ఎందుకడగలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. మళ్లీ పెట్టేద్దామనే ఉద్దేశమే ఉంటే అడిగేవాణ్ని. అడగలేదు కాబట్టి, చెయ్యి వేయకముందే నా లోపల ఎక్కడో నిర్ణయం అయిపోయిందన్నమాట. అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఆదివారం ఆవిడ రేషను కోసం మేడ్చల్ వెళ్లింది. నువ్వు పని జేస్కో సారూ, తలుపు తెరిసే ఉంటది అని చెప్పి మరీ వెళ్లింది. స్క్రూలు తుప్పుపట్టి కదల్లేదు. లోపల గూట్లో దీపం బుడ్డి ఉంది. దాని మూత తీసి, అందులో కిరసనాయిలు నాలుగు స్క్రూల మీదా పోశాను. అరగంట కూర్చున్నాను. తర్వాత ఒక్కొక్కటే తిరిగాయి. పలక వెనక మొదటి రంగు దొరికింది, ఎర్రమట్టి రంగు, నిన్న పూసినంత తాజాగా. కేకేశానంటే నమ్మండి. మేకలు బెదిరాయి.

రంగు చూశాను. పలక చేతిలో ఉంది. తిరిగి పెట్టడానికి చెయ్యి రాలేదు. అక్షరాల అచ్చు తీసుకుని వచ్చే ఆదివారం పెట్టేద్దాం అనుకున్నాను. పెన్సిలుతో కాగితం మీద రుద్దుకుంటే అక్కడికక్కడే అచ్చు వస్తుంది, నాకు తెలియదా? చిన్నపిల్లలు రూపాయి బిళ్లకి చేసే పని. స్క్రూలు చొక్కా జేబులో వేసుకున్నాను, పలక న్యూస్‌పేపర్లో చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టాను. తలుపు పైన నాలుగు బెజ్జాలు, ఎర్రటి మచ్చ మిగిలాయి.

వారం తర్వాత వెళ్లేసరికి ఆవిడే అంది, నంబరు బిళ్ల ఎవడో ఎత్కపోయిండు సారూ, తుక్కు ఏరుకునే పోరగాండ్లు గావచ్చు అని. నేను తలూపాను. నోటితో అబద్ధం ఆడలేదు, తల మాత్రం ఊపాను. అప్పటికి అదొక ఇనప ముక్క. పోయినందుకు ఆవిడకీ పెద్ద బాధ లేదు. అందుకే నాకూ నిద్ర పట్టింది. ఆ వారం, పై వారం, ఆ పై వారం. ఒకసారి వానన్నాను, ఒకసారి స్క్రూడ్రైవరు మర్చిపోయానన్నాను. ఎవరితో అన్నాను? నాతోనే.

నేను అక్కడికి వెళ్లడం మొదలెట్టిన నాలుగో నెల్లో క్వారీ భూమి అమ్ముడుపోయింది. కొన్నది అక్కడి పటేలు. పొలాలమ్మి ప్లాట్లేసే పనిలోకి అప్పుడప్పుడే దిగిన మనిషి. ఆయన్ని చెడ్డవాడని చెప్పడానికి నోరు రాదు. చెడ్డవాడైతే నాకెంత హాయిగా ఉండేది! భూమి కాగితాల్లో ఒక షరతుందట: క్వారీవాళ్లు పనివాళ్లకిచ్చిన డబ్బాలు ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై ఆరు. ఆ మూడూ ఎక్కడుంటే అక్కడ వంద గజాలు వాళ్లకి వదిలెయ్యాలి. మిగతా డబ్బాలు తుక్కు కింద లెక్క. అలాంటివి అక్కడ చాలా ఉండేవి. ఎవరెవరో వచ్చి కొన్నిట్లో గొర్రెలు కట్టేశారు, ఒకదాంట్లో కల్లు దుకాణం కూడా పెట్టారు. కనక చిట్టీ మీద నంబరూ డబ్బా మీద నంబరూ కలవాలి, కలిస్తే చాలు అన్నాడాయన. ముప్పై ఎనిమిదివాళ్లవి కలిశాయి. నలభై ఆరువాళ్లవీ కలిశాయి. ఆ రెంటికీ పోత పలకల్లేవు, అంకెలు టేకు మీదే చెక్కి ఉన్నాయి. వాళ్లకి వంద గజాలూ వచ్చాయి, ఈనాటికీ వాళ్ల మనవలు అక్కడే ఉన్నారు.

లచ్చవ్వ నాతో అంది, ఇగ వచ్చే అయితారం మా డబ్బ జూస్తరంట సారూ, నువ్వు జెర ఉండాలె, సదువుకున్నోనివి అని. ఉంటానమ్మా అన్నాను. ఆ రాత్రే అనుకున్నాను, ఆ ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి బిగించేద్దామని. తుక్కు దుకాణంలో దొరికిందమ్మా, కొనుక్కొచ్చాను అని చెబుదామని ఆ అబద్ధం కూడా తయారుగా పెట్టుకున్నాను. ఆదివారం పలక, స్క్రూలు, స్క్రూడ్రైవరు డిక్కీలో పెట్టుకుని బయలుదేరాను. నేను ఎనిమిదింటికల్లా వెళ్లాను. వాళ్లు ఏడున్నరకే వచ్చేశారు. ఎండ ముదరకముందే తేల్చేద్దామని.

పటేలు, ఆయన మనుషులిద్దరు, ఇరుగుపొరుగు ఓ పదిమంది. స్కూటరు వేపచెట్టు కింద ఆపాను. అక్కణ్నించి డబ్బా తలుపు ముప్పై అడుగులు. తర్వాత కొలిచాను లెండి.

లచ్చవ్వ చిట్టీ పట్టుకుని నిలబడింది. దాని మీద నలభై ఒకటి అని ఉంది. డబ్బా మీద నాలుగు బెజ్జాలున్నాయి. ఇరుగుపొరుగువాళ్లు గిదే గిదే అంటున్నారు. పటేలు మనిషి ఒకడు వీళ్లంతా చుట్టాలే, ఒకరికొకరు చెప్పుకుంటారు అంటున్నాడు. అప్పుడు పటేలు నా వైపు తిరిగాడు.

"సారూ, జెర గిట్ల రాండ్రి. ఆర్నెల్ల సంది గీ డబ్బ కొలుస్తున్నరంట గదా మీరు?"

"అవునండీ."

"గిది నలభై ఒకటే అని లచ్చవ్వ అంటాంది. నంబరు పలక ఉండెనంట, ఎవడో ఎత్కపోయిండంట. మావోల్లేమో అసలు నలభై ఒకటి ఎన్నడో తుక్కుల పాయె అంటున్నరు. నేనెవ్వర్ని నమ్మాలె? మీకు గీడ చుట్టం లేదు పక్కం లేదు. సదువుకున్నోల్లు. మీరు జూసిన అంటే అయిపాయె, ఇగ లొల్లి లేదు. నంబరు ఉండెనా?"

"జెప్పు సారూ" అంది లచ్చవ్వ. ఆవిడ మొహంలో భయం లేదు. గెలిచేసినట్టే ఉంది. ఇల్లు కొలిచే సారు వచ్చాడు కదా.

నా నోటుపుస్తకం నా చంకలోనే ఉంది. ఏడో పేజీలో ఆ పలక ఉంది, అసలు సైజులో, అంకె అంకె, స్క్రూ స్క్రూ గీసి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ప్యాంటు జేబులో స్కూటరు తాళం మీదకి పోయింది.

"నేను... గమనించలేదండీ" అన్నాను.

పటేలు లచ్చవ్వ వైపు తిరిగాడు. "సారే జూడలేదంటుండు. ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు.

లచ్చవ్వ ఏడవలేదు, తిట్టలేదు. నా చంకలో ఉన్న నోటుపుస్తకం వైపు చూసింది. తర్వాత చిట్టీ మడిచి బొడ్లో దోపుకుని పటేల్ని ఒక్కటే అడిగింది, ఎన్ని దినాలు టైమిస్తరు పటేలా అని. నెల అన్నాడాయన.

ఇక్కడ ఆగాలి నేను. ఎప్పుడు తలచుకున్నా ఇక్కడే ఆగుతాను.

చూశాను, ఉండేది, నలభై ఒకటి. మూడు మాటలు. అంతే కావలసింది. పలక ఎక్కడుందని నన్నెవరూ అడగలేదు. తీసిందెవరని అడగలేదు. ఆ మూడు మాటలంటే ఆవిడ ఇల్లు నిలిచేది, నా దొంగతనమూ బయటపడేది కాదు. ఎందుకనలేదు? చాలా జవాబులు చెప్పుకున్నాను. వాళ్ల ఊళ్లో ఆంధ్రావాణ్ని, దొంగన్నారంటే కాళ్లూ చేతులూ విరుగుతాయని భయం అనుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. తేలు కుట్టిన దొంగకి నోరెక్కడుంటుంది అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. కానీ అడుగున ఇంకొకటుంది. ఉండేది అని నా నోటితో అన్నానంటే, ఎప్పుడో ఒకప్పుడు అది తిరిగి అక్కడికి పోవాలి. నేను గమనించలేదు అంటే, ఆ పలక ఈ లోకంలో ఎప్పుడూ లేనట్టే. అప్పుడది పూర్తిగా నాది. ఛీ! ఒకావిడ వంద గజాల నేలకీ, రెండు లిపుల్లో అంకెలున్న ఇనప ముక్కకీ మధ్య నేను ఇనప ముక్కని ఎంచుకున్నాను. అదీ ఒక్క క్షణంలో.

నెల తర్వాత డబ్బా విప్పేశారు. నేను చూడ్డానికి వెళ్లలేదు. పటేలు మాత్రం నన్ను గుర్తుపెట్టుకుని, సారుకి గా డబ్బ అంటే పాణం, ఒక చెక్క పంపుండ్రి అని తలుపు పక్కది టేకు పలక ఒకటి మనిషితో మా ఇంటికి పంపించాడు. ఆయన మంచితనం. వద్దని వెనక్కి పంపొచ్చు కదా? తీసుకున్నాను. చూడగానే ఎంత బాగా మాగిన టేకో అనిపించింది నాకు. మొదట అదే అనిపించింది.

ఆ టేకుని గోరంత గోరంత పలకలుగా చీల్చి, నలభై ఒకటో నంబరు డబ్బా చేశాను. పదకొండు నెలలు పట్టింది. నలభై అయిదో వంతు కొలత. వంపు కప్పు, జరిగే తలుపు, నూట పన్నెండు రివిట్లు, పలక వెనక నేను చూసిన అదే ఎర్రమట్టి రంగు. మందుబిళ్లల రేకు మీద నలభై ఒకటి రెండు లిపుల్లో చెక్కి బుల్లి పలక కూడా చేశాను. దాన్ని పట్టకారుతో తలుపు పైకి తీసుకెళ్లి, అతికించకుండానే వెనక్కి తెచ్చేవాణ్ని. నాలుగు సార్లు ప్రయత్నించి, అగ్గిపెట్టెలో పడేశాను. కానీ ఖాళీగా వదిలేస్తే అది తప్పు డబ్బా అవుతుంది. నా పొగరు ఊరుకోదు కదా. సూది కాల్చి నాలుగు బెజ్జాలు పొడిచాను. సికింద్రాబాద్‌లో మాలాంటి పిచ్చివాళ్లు కొందరు ఏడాదికోసారి ఒకచోట కూడేవాళ్లు. అక్కడ పెడితే, వంకపెట్టడానికి లేదండీ అని మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. నంబరు లేదేమిటని ఒకాయన అడిగాడు. అసలుదానికే లేదండీ అన్నాను. రెండోసారి.

ఏళ్లు గడిచాయి. మేడ్చల్ మీదుగా పోయే చిన్న లైను పోయి పెద్ద లైను పడింది. మేం కొంపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నాం. క్వారీ ఉన్నచోట గోడ కట్టి, గేటు పెట్టి, లోపల ఇళ్లు లేపారు. ఆ దారిన పోవాల్సొస్తే చుట్టూ తిరిగి వేరే దారిన పోయేవాణ్ని. ఒకరోజు మేడ్చల్ సంతలో ముప్పై ఎనిమిదో డబ్బావాళ్ల కోడలు కనిపించి పలకరించింది. లచ్చవ్వ గాజులరామారంలో చెల్లెలి బిడ్డ దగ్గర ఉంటాంది, సాతగాకున్నా ఎల్లిగడ్డలు ఒలుస్తాంది అని చెప్పి అడ్రసు ఇచ్చింది.

ఇక ఆగలేకపోయాను. వెళ్లాలి, చెప్పేయాలి అనుకున్నాను. ఆదివారం పలక బయటికి తీశాను. మళ్లీ లోపల పెట్టాను. దాని బదులు బొమ్మ డబ్బాని అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్లాను. ఆవిడకి ఇద్దామని! నేనెంత మంచివాణ్నో చూడండి. ఇల్లు తీసేసి బొమ్మ ఇస్తున్నాను.

మెట్ల కింద ఒక గది. గదిలో సగం వెల్లుల్లి గోతాలు. లచ్చవ్వ చిక్కి సగమైంది, కళ్లకి పొర వచ్చింది. నన్ను గొంతు విని గుర్తుపట్టింది. "ఇల్లు కొలిసే సారు గదా" అంది. బొమ్మ చేతిలో పెట్టాను. కళ్లు ఆనక వేళ్లతో చూసింది. కప్పు తడిమింది. తలుపు జరిపి చూసింది. పక్క పలకల మీద రివిట్ల వరసని వేలితో మెల్లగా లెక్కపెట్టుకుంటూ పోయింది. తలుపు పైన నాలుగు బెజ్జాల దగ్గర వేలు ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"మొలలు గూడ లెక్కవెట్టి ఏసినవ్" అంది. "నంబరు ఒక్కటే కనవడకపాయెనా సారూ?"

కోపంగా అనలేదు. అడిగింది. జవాబు కోసం ఆగింది కూడా. కిందపడ్డ వెల్లుల్లి పొట్టు వైపు చూస్తూ కూర్చున్నాను నేను. నేనేమంటానా అన్నట్టు చెవి నా వైపు పెట్టింది. చివరికి ఆవిడే, "పెరుగు లేదు సారూ, సల్ల ఇయ్యలేను. చాయ్ తాగుతవా?" అంది. వద్దన్నాను. బొమ్మని తిరిగి నా చేతిలో పెట్టింది.

"తీస్కపో. గీడ పెట్టనీకి జాగ లేదు."

రోడ్డు మీదకొచ్చి స్కూటరు స్టార్ట్ చేయలేక నిలబడ్డాను. వెనక్కెళ్లి చెప్పేయ్, ఇరవై అడుగులు కూడా లేవు అని మనసు కొట్టుకుంటూనే ఉంది. వెళ్లలేదు. మూడు నెలలు తాత్సారం చేసి, ఈసారి పలకే తీసుకుని వెళ్లాను. చెల్లెలి కూతురు తలుపు తీసి, అవ్వ పోయి నెల దాటిందన్నా అంది. ఏమన్నా ఇచ్చేది ఉండెనా అని నా చేతిలో మూట చూసి అడిగింది. లేదమ్మా అన్నాను. అది మూడోసారి.

ఆ అమ్మాయికి ఇవ్వాల్సిందంటారా? ఏం చేసుకుంటుంది? వంద గజాల మీద ఎవరిదో ఇల్లుంది, ఎవరిదో కారుంది. ఏ పటేలూ ఇప్పుడు నంబర్లు కలిపి చూడడు. పరిహారం ఏమైనా ఇద్దామా అని ఆలోచించాను. దానికీ మళ్లీ ఎందుకో చెప్పాలి కదా. చెప్పలేకపోయాను. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించి లాభం లేదు. క్షమించాల్సినావిడ చెవి నా వైపు పెట్టి కూర్చున్నప్పుడు నేను నోరు విప్పలేదు.

ఇవాళ పలక బయటికి తీసి బల్ల మీద పెట్టాను. పక్కన బొమ్మ డబ్బా. ఎదురుగా ఈ కాగితాలు. మా ఆవిడ చూసి ఏమిటండీ అది అని అడిగింది. ఈసారి పనిముట్లు అనలేదు. చదువు అని ఈ కాగితాలు ఆవిడకే ముందిస్తాను. ఆ తర్వాతే మీకు. చెప్పుకుంటే పాపం పోతుందంటారు. పోదు. కానీ ఇన్నేళ్లుగా ఇవ్వని ఆ ఒక్క జవాబూ ఇప్పుడు కాగితం మీదికి దిగుతోంది. వినడానికి ఆవిడ లేదు. అయినా ఆవిడతోనే చెబుతున్నాను.

ఉండేది లచ్చవ్వా. నీ తలుపు పైన, నడిమధ్యలో ఉండేది. నలభై ఒకటి. నేను చూశాను. నేనే తీశాను. నీ దీపంలోని కిరసనాయిలే పోసి తీశాను.